శనివారం తనిఖీ

శనివారం పొద్దున్నే పోలీసు వ్యాను మళ్ళీ ఇంటి ముందు ఆగింది.

"వచ్చాడు చూడు మన చుట్టం!" సాబిర్ చేతిలోని ఇనుప పీచును బల్లమీదకు విసిరికొట్టాడు.

నసీమా కిటికీలోంచి చూసింది. అతనే, కాన్‌స్టబుల్ డోనెలీ. ఎండకు కమిలిన మెడ, నవ్వడం తెలియని మొహం.

సాబిర్‌ది నెల్లూరు. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఓ ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం. అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. వారమంతా అతనికి ఆ పనే.

సెలవు రోజులు మాత్రం పాత తుపాకులవి. కర్రకు చెదలు, గొట్టానికి తుప్పు పట్టిన వందేళ్ళనాటి రైఫిళ్ళను కొనేవాడు. తుప్పు గీకి, విరిగిన స్ప్రింగులకు బదులు కొత్తవి తనే ఆకురాయితో అరగదీసి, కర్రకు అవిసెనూనె పట్టించి ప్రాణం పోసేవాడు.

తొమ్మిదున్నాయి. తొమ్మిదింటికీ లైసెన్సుంది. వాటితో అతను పిట్టనైనా కొట్టి ఎరగడు.

"బీరువా తెరువు," అన్నాడు డోనెలీ. పలకరింపు లేదు.

"మూడు వారాల కిందటే చూశావు కదా?"

"మళ్ళీ చూస్తాను."

ఒక్కో తుపాకి నంబరూ చదివి పుస్తకంలో రాసుకున్నాడు. గొట్టాల్లోకి టార్చి వేశాడు. ఇనప బీరువాను నేలకు బిగించిన బోల్టులను బూటుకాలితో తన్ని చూశాడు.

"తూటాలు?"

"లేవు. ఎప్పుడూ కొనలేదు."

"ఆ కిటికీ గడియ వదులుగా ఉంది. మార్పించు."

తర్వాత నసీమా వైపు తిరిగాడు. "మీతో విడిగా మాట్లాడాలి."

వరండాలో అయిదు నిమిషాలు. లోపల సాబిర్‌కు అవే అయిదు గంటల్లా గడిచాయి.

"ఏమడిగాడు?"

నసీమా తల ఎత్తలేదు. "మీరు తాగుతారా అని. నన్ను కొడతారా అని. ఎప్పుడన్నా తుపాకి చూపించి బెదిరించారా అని."

సాబిర్ వీధిలోకి ఉరికాడు. ఇంగ్లీషులో అరిచాడు.

"నా భార్యను ఆ మాట అడగడానికి నువ్వెవరు? ఈ ఊళ్ళో తుపాకులున్నవాళ్ళు ఎందరు లేరు? అందరిళ్ళకూ ఇలాగే పోతున్నావా?"

"లేదు. నీ ఇంటికే."

"ఎందుకు? నా పేరు సాబిర్ కాబట్టా?"

డోనెలీ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. వ్యానెక్కుతూ అన్నాడు: "గడియ మార్పించు. ఈసారి ఇంకొకడు రావొచ్చు."

"విన్నావా నసీమా? బెదిరిస్తుండాడు!"

ఆ రోజే ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

"వద్దండీ. పోలీసోళ్ళతో మనకేందికి?"

"తప్పు చేసినోడు భయపడాలి. నేనేం చేశా? ఇది రేసిజం కాకపోతే ఇంకేంది?"

అయిదు పేజీలు. పై అధికారికి ఒకటి, పత్రికకు ఒకటి.

పత్రికలో చిన్న వార్త వచ్చింది. విచారణలో డోనెలీ ఒక్క ముక్క మాట్లాడలేదట. గొడవ సద్దుమణిగితే చాలని పైవాళ్ళు అతన్ని ఎక్కడో ఎడారి ఊరికి బదిలీ చేశారు.

"పీడ పోయింది!" ఆ రోజు సాబిర్ తనే వంటింట్లోకి వెళ్ళి బిర్యానీ వండాడు.

డిసెంబరులో కొత్త కుర్ర ఆఫీసరు వచ్చాడు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. టీ బాగుందన్నాడు.

"ఎంత అందంగా చేశారు సర్!" అంటూ రైఫిళ్ళను నిమిరాడు.

తర్వాత నవ్వుతూనే చెప్పాడు. "మీ మీద కంప్లయింట్ వచ్చింది సర్. విచారణయ్యేదాకా ఇవన్నీ స్టేషన్లో ఉండాలి."

"ఎవరిచ్చారు?"

"చెప్పకూడదు సర్."

"ఇక్కడ ఇది వానాకాలం! నూనె గుడ్డల్లో చుట్టకపోతే వారంలో తుప్పు పడతాయి!"

"చూసుకుంటాం సర్."

తొమ్మిదీ వ్యానెక్కాయి.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. ఫిబ్రవరిలో తుపాకులు చూడనిచ్చారు. గచ్చు నేలమీద ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. సాబిర్ ఒకదాన్ని ఎత్తితే అరచేయంతా ఎర్రటి తుప్పు.

ఆ చేతితోనే, తుపాకుల కోసం పెట్టుకున్న లాయరు బల్ల చరిచాడు.

"ఇదంతా ఆ డోనెలీ పగ! పోతూ పోతూ వాడే ఎవరిచేతో ఫిర్యాదు పెట్టించి ఉంటాడు!"

లాయరమ్మ కళ్ళద్దాలు తీసింది.

"నేను ఆయన్ను మీ తరఫు సాక్షిగా పిలవాలనుకున్నాను."

"సాక్షా? వాడా?"

"కుదరలేదు. ఆ విచారణ తర్వాత ఉద్యోగం వదిలేశారట. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియదు. మీ ఫైలు నిన్ననే చేతికొచ్చింది. చదవండి."

రెండేళ్ళలో పదకొండు ఫిర్యాదులు. అన్నీ వాళ్ళ వీధివాళ్ళవే. 'కంప్యూటర్లు ఆగిన రోజు మమ్మల్నందరినీ కాల్చేస్తాడు' అని ఒకరు. 'ఇంట్లో తూటాలు దాచాడు' అని ఒకరు. 'పెళ్ళాన్ని తుపాకితో బెదిరిస్తున్నాడు' అని మరొకరు.

పదకొండో ఫిర్యాదు కింద ఖాళీగా ఉంది. మిగిలిన పదింటి కిందా డోనెలీ చేతిరాతలో ఒకటే మాట: 'స్వయంగా వెళ్ళి చూశాను, అబద్ధం, ఈ మనిషికి నాది పూచీ.'