కాసులపేరు పరువు

యూట్యూబులో బంధువుల పెళ్లి వీడియో కింద ఉన్న ఆ వ్యాఖ్యను గుడివాడలో కాంతారావు గారి ఇంటిల్లిపాదీ చదివారు. చదివిన ప్రతివారూ సాయంత్రం దాకా చదవనట్టే తిరిగారు.

‘ముందు వరుసలో ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ మెడలోని కాసులపేరు చిలకలపూడి గిల్టు సరుకు. ఆ మాత్రం దానికే ఖజానాకు కాపలా కూర్చున్నంత బిగువు.’

రాసినవారి ఫొటో లేదు. పేరుండవలసిన చోట ‘సత్యవాది’ అని ఉంది.

ఆ పెద్దావిడ కాంతారావు గారి అక్కయ్య భ్రమరాంబ గారు. బందరులో లైబ్రేరియన్‌గా రిటైరైన మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివారిని కూర్చోబెట్టగలరు. ఆ కాసులపేరు వారి తల్లిగారిది, అచ్చమైన బంగారం. తన తర్వాత అది మేనకోడలు శ్రీలేఖకేనని ఆవిడ ఏనాడో చెప్పారు. కనుక ఈ అవమానంలో శ్రీలేఖకూ న్యాయమైన వాటా ఉంది.

“అత్తయ్యకి చెప్పాలా, వద్దా నాన్నా?”

“చెప్తే బాధపడుద్ది. చెప్పకపోతే, తెలిసీ చెప్పలేదని మనల్ని బాధపెడుద్ది.”

“ఆవిడే చూసుంటే?”

“చూసి మనకి చెప్పలేదంటే, మనం చూసిన సంగతి ఆవిడకి తెలియకూడదు.”

“మీ తండ్రీకూతుళ్లు మర్యాదలు తేల్చుకునేలోపు ఊరంతా దానికి లైకులు కొట్టేస్తారు,” అంది వంటింట్లోంచి శ్రీలేఖ తల్లి శ్రీదుర్గ.

శ్రీలేఖకు ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని సమాధానం రాసింది.

‘అది అసలు బంగారం. మా నాయనమ్మ నగ. ఇప్పటికీ మా అత్తయ్య పడగ్గది బీరువాలోనే ఉంది. అనుమానమున్నవారు బందరు ఈడేపల్లిలో లైబ్రేరియన్ భ్రమరాంబ గారిల్లని అడిగితే ఎవరైనా చూపిస్తారు. వచ్చి గీటురాయి మీద గీసి చూసుకోవచ్చు.’

అందులో పౌరుషం చాలలేదనిపించి, కాంతారావు గారు తన వంతు చేర్చారు: ‘ఒంటరిగా ఉంటోంది కదా అని మా అక్కయ్యను లోకువ కట్టకండి.’

మర్నాడు శ్రీలేఖ బందరు బస్సెక్కింది. అంతటి మాట పడిన మనిషిని ఫోనులో ఓదార్చడం పద్ధతి కాదు.

వీధి తలుపు బార్లా తీసి ఉంది. భ్రమరాంబ గారు వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు.

“వీడియో కింద ఎవరో ఏదో రాశారత్తయ్యా,” అని నెమ్మదిగా మొదలుపెట్టింది శ్రీలేఖ.

“చూశాను.”

“మరి మాతో అనలేదేం?”

“మీరూ నాతో అనలేదుగా. మీ ఇంట్లో ఆ మాత్రం మర్యాద మిగిలి ఉందని సంతోషించాను. మన గురించి నలుగురూ చూసేచోట ఎవరేం కూసినా చూడనట్టు ఊరుకోవాలి. జవాబిచ్చామంటే ఇంటి సంగతులన్నీ బజారున పడతాయి.”

“ఎవడో గానీ వాడి వేళ్లు విరగ్గొట్టాలండీ.”

భ్రమరాంబ గారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఎందుకూ? రెండు వాక్యాలే అయినా పొందిగ్గా ఉన్నాయి. చదివినవాళ్లు నమ్మేట్టున్నాయి.”

“మా బాధ అదే కదండీ. మీ పరువు...”

“గిల్టు వేసుకుందనుకుంటే నా పరువేం అరిగిపోదు.”

ఇంతటి నిబ్బరం చూసి శ్రీలేఖకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషి తరఫున మాట్లాడగలిగినందుకు గర్వంగా కూడా అనిపించింది.

“మీరు ఊరుకున్నా మేం ఊరుకోలేదత్తయ్యా,” అంటూ ఫోను చేతికిచ్చింది.

భ్రమరాంబ గారు మేనకోడలు రాసింది చదివారు. తమ్ముడు రాసింది చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. ఫోను తిరిగి ఇచ్చేసి లేచారు.

శ్రీలేఖను లోపలికి రమ్మని వీధి తలుపు గడియ పెట్టారు. పెరటి తలుపు గడియ పెట్టారు. ఎండాకాలం మధ్యాహ్నం, ఉక్కతో ప్రాణం పోతున్న వేళ, కిటికీలన్నీ వరసగా మూశారు. పడగ్గదిలోకి వెళ్లి బీరువా తలుపు లాగి చూశారు.

వెనకే వెళ్లిన శ్రీలేఖ కంగారుపడింది. “వాడి మాట మిమ్మల్ని ఇంతగా కోసిందా అత్తయ్యా?”

“వాడెవడూ లేడే,” అన్నారు భ్రమరాంబ గారు, “వీడియోవాడు నా మెడనే అంతసేపు అంత దగ్గరగా చూపించాడని, దొంగల కళ్లు మళ్లించడానికి ఆ మాట రాసింది నేనే.”