గూడ్సుబండి ఉత్తరం

"ఇది వాక్యమా, గూడ్సుబండా?"

ఇంగ్లీషు సార్ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో, తడిగుడ్డ పట్టుకున్నట్టు పైకెత్తి తొమ్మిదో తరగతి మొత్తానికి చూపించారు. "బయల్దేరింది తప్ప ఎక్కడా ఆగలేదు. ఫుల్‌స్టాప్ పెడితే చెయ్యి నొప్పెడుతుందా?"

మూడో బెంచీలో ఉన్న పిల్ల తల వంచుకుని లేచి నిలబడింది. బడి తెరిచిన వారంలోనే ఆయన ఆమెకు గూడ్సుబండి అని పేరు పెట్టారు. అసలు పేరు ఇప్పుడు హాజరుపట్టీలోనే మిగిలింది.

ఆ వారం పాఠం ఉత్తరాలు రాయడం. బడిలో ఏదైనా ఇబ్బంది గురించి హెడ్మిస్ట్రెస్‌కు ఉత్తరం రాయమన్నారు. ఏం రాస్తారో ఆయనకు తెలియనిది కాదు. ఇరవై ఆరేళ్లుగా అదే నీళ్లు రాని కుళాయి, అదే తిరగని ఫ్యాను. అందుకే ఆయన చదవరు. చూస్తారంతే. కర్త, క్రియ, కామా. కన్ను ఎక్కడ ఆగితే ఎర్ర పెన్ను అక్కడ గీత గీస్తుంది. పేజీకి అర నిమిషం చాలు.

"విషయం ఎవడిక్కావాలండీ? గోడే వంకరగా ఉంటే రంగు బాగుందా లేదా అని చూస్తామా?" అని స్టాఫ్‌రూమ్‌లో అంటుంటారు. తోటి టీచర్లు నవ్వుతారు. కొందరు ఆయన వెళ్లాక నవ్వుతారు.

ఈమధ్య ఆయన మరీ హుషారుగా ఉన్నారు. హెడ్మిస్ట్రెస్ నెలాఖరుకు రిటైరవుతున్నారు. తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఆవిడ శుక్రవారంలోగా బడి కమిటీకి రాసి పంపాలి. పదకొండేళ్లుగా ఆయన కన్ను ఆ కుర్చీ మీదే. లెక్కల టీచరమ్మ పేరు కూడా వినిపిస్తోందని తెలిసి మూతి విరిచారు. ఆవిడకు ఇంగ్లీషులో సెలవు చీటీ రాయడం కూడా రాదు!

"ఒకటి. చెప్పాల్సింది నాన్చకూడదు. మొదటి వాక్యంలోనే పడెయ్యాలి," అన్నారు క్లాసుతో.

"మొదట్లోనే అనేస్తే బాగోదేమో సార్?" అంది గూడ్సుబండి.

"ఎందుకు బాగోదు? ఉత్తరం రాసేది మొహమాటపడ్డానికా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సార్‌కూ నవ్వొచ్చింది.

"రెండు. రుజువు. అది బాలేదు, ఇది బాలేదని ఊరికే ఏడిస్తే ఎవరు నమ్ముతారు? ఇదిగో అని చూపించాలి."

"రుజువు ఉత్తరం కిందే పెట్టొచ్చా సార్?"

"పెట్టు. ఆ కుళాయి ఊడబీక్కొచ్చి పెట్టు."

క్లాసు గొల్లుమంది.

మర్నాడు ఆమె తిరగరాసి తెచ్చింది. పద్నాలుగు తప్పులు. ఆ మర్నాడు మూడు. నాలుగోసారి ఎర్ర పెన్ను పేజీ అంతా తిరిగి, గీయడానికి చోటు దొరక్క ఉత్తినే వెనక్కొచ్చింది. సార్‌కు మనసులో కష్టంగానే అనిపించింది.

"ఏదో గుడ్డిదెబ్బ తగిలింది. సరే, అందరూ దీన్నే ఎత్తి రాయండి. కింద ఎవరి సంతకం వాళ్లు పెట్టండి. సంతకం లేకపోతే సున్నా."

నలభై రెండు కాగితాలు. ఒక్కోదాని కింద 'కరెక్ట్' అని రాసి, పొడుగ్గా తోక లాగి సంతకం గీకారు. ఇరవై నిమిషాల్లో పనైపోయింది.

"వీటిని మేడమ్‌కి నిజంగానే ఇవ్వొచ్చా సార్?"

"ఇవ్వండి! నేను నేర్పిన ఇంగ్లీషు ఎలా ఉంటుందో ఆవిడ కూడా చూడాలి."

శుక్రవారం పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ నుంచి కబురొచ్చింది. సార్ తల దువ్వుకుని, కాలరు సర్దుకుని వెళ్లారు. బల్ల మీద నలభై రెండు ఉత్తరాలూ కట్టగా ఉన్నాయి. ఆయన కన్ను మాత్రం ముందు కుర్చీ మీదికే పోయింది.

"చూశారా మేడమ్? ఒక్క తప్పుంటే చెప్పండి."

"ఒక్కటీ లేదు మాస్టారూ. ఇంత స్పష్టమైన ఇంగ్లీషు ఈ బళ్లో నేనెప్పుడూ చూళ్లేదు. కమిటీకి నేను రాసిన దానితో పాటు ఇవి కూడా పంపిస్తున్నాను."

సార్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. "ఒట్టి మట్టిబుర్రలు మేడమ్. నా చేతిలో పడ్డారు కాబట్టి సరిపోయింది."

ఆవిడ పై కాగితం తీసి ఆయన ముందుకు జరిపారు. "ఒక్కసారి చదవండి. ఆ పెన్ను జేబులో పెట్టి చదవండి."

అలవాటుగా కామాల కోసం వెతికిన ఆయన కళ్లు మొదటిసారి మాటల మీద ఆగాయి: "మా ఇంగ్లీషు సార్‌ను హెడ్మాస్టర్‌ను చేయకండి మేడమ్. మేం రాసింది ఆయన ఎన్నడూ చదవరు. రుజువుగా కింద ఆయన సంతకం చూడండి."