కింది షట్టరులో మైకు

“చెప్పు, ఎవరికి చెప్పినవ్?”

వెంకటేశం వంటింటి గడప మీద అడ్డంగా నిలబడ్డాడు. పెళ్లాం నర్సింహమ్మ పొయ్యి ఆపింది. పప్పు అప్పటికే మాడిపోయింది.

“ఏం సంగతి?”

“ఏం తెల్వనట్టు అడుగకు. హద్దురాయి సంగతి! కింద పాస్టరు మైకుల పెట్టి ఇస్నాపూర్ మొత్తానికి ఇనిపిస్తుండు గదా!”

ఆ ఆదివారం పొద్దుటిదాకా వెంకటేశం పాపమెరుగని మనిషి. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. ఇస్నాపూర్‌లో కిరాయి గదుల ఓనరంటే చిన్నపాటి దేవుడు మరి! ట్యాంకు వాల్వు ఆయన చేతిలో, మెయిన్ స్విచ్చు ఆయన చేతిలో. ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాడు స్నానం చెయ్యాలా వద్దా అన్నది కూడా ఆయన దయే. అలాంటి మనిషి ఇంటి కింది షట్టరు గదిని ప్రార్థనలకు కిరాయికి ఇచ్చాడు. దేవుడు ఎవరైతేనేం, షట్టరు ఖాళీగా ఉండకూడదు. ఆయన మతసామరస్యం అంతవరకే.

షట్టరు తీసుకున్న పాస్టరు ఆశీర్వాదం వారమంతా ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చెమటోడుస్తాడు, ఆదివారం బోధిస్తాడు. ఇవాళ మొదలుపెట్టడమే నిప్పులు కురిపిస్తూ మొదలుపెట్టాడు.

“తమ్ముని హద్దురాయి జరిపినోడా! ఎవ్వరు సూడలేదనుకున్నవా? నేను మంచోణ్ని అనుకుంట తిరుగుతవేమో! రోగం లేదన్నోనికి డాక్టరు ఏం జేస్తడు? పాపినని ఒప్పుకో, అప్పుడే నీకు రక్షణ!”

వెంకటేశం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. సొంతూరు ఇంద్రేశంలో తమ్ముడు నర్సింహులు చేను పక్కన రాయిని జరిపింది నిజమే. అప్పుడది జొన్నచేను. ఇప్పుడు చుట్టూ ఇళ్ల ప్లాట్ల వెంచర్లు లేచి గజం గజానికీ ధర పలుకుతోంది. ఆ గుట్టు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, నర్సింహమ్మ. మైకు హద్దురాయిని వదిలి వేరే పాపాల మీదికి పోయింది కానీ, ఆయన చెవులు మాత్రం రాయి దగ్గరే ఆగిపోయాయి. కాసేపటికి వంటింట్లో గరిటె దబ్బున కింద పడింది. తొంగి చూస్తే పెళ్లాం మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇంకేం కావాలి, దొంగ దొరికింది!

“నేను ఎవ్వరికి చెప్పలే,” అంది నర్సింహమ్మ.

“చెప్పకపోతే గరిటె ఎందుకు పడేసినవ్?”

“చెయ్యి జారింది.”

“మొకం గట్లెందుకు పెట్టినవ్?”

“నా మొకం. నా ఇష్టం.”

“ఇంటి గుట్టు బయటేసేటోళ్లు నా ఇంట్ల వద్దు. మీ అమ్మగారింటికి పో!”

“పోత. హత్నూర బస్సు ఇగ వస్తది. కాని ఎవరు చెప్పిన్రో ఆ పేరు నాకు గూడ గావాలె. ఆ పాస్టరు నోటెంబడి ఇన్నంకనే పోత.”

పొమ్మనేదాకా బాగానే ఉంది కానీ, ఆమె నిజంగా చీరలు సంచిలో కుక్కుతుంటే వెంకటేశానికి భయం పట్టుకుంది. ఆమె లేకుండా తన బనీను ఎక్కడుందో కూడా తెలియని మనిషి. అలాగని అన్న మాట వెనక్కి తీసుకుంటే మగతనం ఏం కావాలి? పాస్టరు ఇంకెవరి పేరైనా చెప్తే బతికిపోతాడు. మెట్లు దడదడా దిగాడు.

లోపల చాపల మీద కూర్చున్నవాళ్లు పాడుతున్నారు. ఆయన్ని చూసి డోలక్ ఆగిపోయింది.

“రండి ఓనర్ సాబ్, కూసోండి,” అన్నాడు ఆశీర్వాదం.

“కూసోనీకి రాలే! ఎవడు చెప్పిండు నీకు?”

“ఏంది సాబ్?”

“నేను తమ్ముని రాయి జరిపినని!”

పాస్టరు బిత్తరపోయాడు. చేతిలోని మైకు ఆయనకు తెలియకుండానే ఓనరు నోటి దగ్గరికి పోయింది. గల్లీ అంతా వింటోంది.

“అంత అబద్ధం! నేను జరపలే. జరిపినా రెండు మూరలే! అది గూడ వాడు దున్నకుండ బీడు పెట్టిండని!”

“స్తోత్రం!” అంది ముందు వరసలోని సత్తెమ్మ అనే ముసలమ్మ.

“స్తోత్రమేందవ్వా? నేను కాదంటున్న!”

“కాదనుకుంటనే అన్ని చెప్తున్నవ్ గద బిడ్డా!”

షట్టరంతా నవ్వింది. వెంకటేశం గొంతు తగ్గింది. “పాస్టరూ, జెర నిజం చెప్పు. చెప్పింది నా పెళ్లామేనా?”

“అమ్మ నాతోని ఎన్నడు మాట్లాడనే లేదు సాబ్.”

“మరి ఎవరు?”

ఆశీర్వాదం తల దించుకున్నాడు.

“రాయి జరిపింది నేను సాబ్. మా ఊర్ల, మా తమ్మునిది. నా సంగతే నేను చెప్పుకున్న. ఎవని పాపం వానికే తెలుసు అనుకుంటం. కాని ఫ్యాక్టరీల పార్టుల లెక్క, అందరివి ఒక్క డైలనే, ఒక్క అచ్చులనే పోసినట్టుంటయ్. మనంతట మనం బయటపడలేకనే గద, ప్రభువు రావాల్సొచ్చింది.”

వెంకటేశం గుండెల మీంచి బరువు దిగింది. పరువు పోయింది గానీ పెళ్లాం దక్కింది. వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నర్సింహమ్మ సంచితో నిలబడి ఉంది.

“ఇన్నవానే? నువ్వు చెప్పలేదంట. తప్పు నాదే, మాఫ్ చెయ్యి. ఇంటికి పోదాం పా.”

ఆమె ఆయన వైపు చూడలేదు. సంచి అక్కడే పడేసి, చాపల మధ్య నుంచి నేరుగా పాస్టరు దగ్గరికి నడిచింది.

“రాయి ముచ్చట సరే అయ్యగారూ, దాని తర్వాత చెప్పిన నా ముచ్చట మీకు ఎవరు చెప్పిన్రు?”