వాల్యూం తగ్గించాక

"ఇంకా బుసకొడుతూనే ఉంది నాన్నా! సాయంత్రం స్టేజీ మీద దీన్ని పెట్టుకుని ఎలా వాయించను?" నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కంగారుపడకు, పట్టేస్తాను."

నా గిటారు కోసం నాన్న సొంతంగా కట్టిన ట్యూబు యాంప్లిఫయరు అది. జీవితమంతా రేడియోలు బాగుచేసిన మనిషి. మీటరు ముట్టుకోడు, తన చెవే మీటరంటాడు. పొద్దున్నించీ వెనక చెక్క ఊడదీసి, లోపలున్న ఒక్కొక్కదాన్నీ చెక్కపుల్లతో తడుతున్నాడు. తట్టినప్పుడల్లా నా మొహంలోకి చూస్తున్నాడు. తర్వాత ఏదో ఒకటి పీకి కొత్తది అతికిస్తున్నాడు.

"ట్యూబులు మార్చావు, రెసిస్టర్లు మార్చావు. ఇంకేం మిగిలింది, నా తలకాయా?"

"కాసేపు నోరు మూసుకుని నన్ను విననీ."

ఒళ్లు మండి, ముందువైపున్న వాల్యూం పూర్తిగా తగ్గించేశాను. బుస ఠక్కున ఆగిపోయింది. గదిలో గోడగడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

వెనకనున్న నాన్న తలెత్తలేదు. స్పీకరుకి చెవి ఆనించి మళ్లీ తట్టాడు.

"ఆఁ, దొరికాడు దొంగ! విన్నావా, ఇక్కడ తడితే ఎలా పెరుగుతోందో?"

పొద్దున్నించీ ఆయన నా మొహంలోకి ఎందుకు చూస్తున్నాడో అప్పుడు అర్థమైంది.

"నాన్నా... వాల్యూం తగ్గించేశాను."

పుల్ల గాల్లోనే ఆగిపోయింది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ఈమధ్య నువ్వే పై స్వరాలు వాయించడం మానేశావనుకున్నానే తల్లీ," అన్నాడు.