పామీరు కోడలు

పామీరు పర్వతాలలో ఇప్పుడు ప్రతి ఇంటి దూలానికీ ఒక గంట ఉంది. నేల లోతుల్లో రాయి కదలబోతే అది ముందే పసిగట్టి మోగుతుంది. దక్షిణాన ఉన్న హిందూదేశపు నేల ఎడతెగకుండా ఉత్తరానికి నెడుతూనే ఉంటుంది కనుక కొండలు పెరుగుతూనే ఉంటాయి, గంట మోగుతూనే ఉంటుంది.

మోగిన ప్రతిసారీ నీసో చేతిలో పని పారేసి, కాళ్లు పడిపోయిన అత్త గుల్బహోర్‌ను వీపున వేసుకుని మంచు కురిసే పెరట్లోకి పరుగెత్తేది. పొయ్యిమీద రొట్టెలు మాడిపోయేవి. ముసలమ్మ ఒళ్లు చలికి కొయ్యబారిపోయేది. నీసో భర్త, చరియలు విరిగిపడిన దారులు తవ్వే పనిలో ఎక్కడో ఉన్నాడు.

"నన్నొదిలెయ్యవే తల్లీ, నీ కడుపులో బిడ్డను చూసుకో" అని అత్త ఎంత మొత్తుకున్నా నీసో వినలేదు.

ఒక ఉదయం, అత్తను లోపల పడుకోబెట్టి ఊపిరి తిప్పుకునేలోగా గంట మళ్లీ మోగింది. నీసోకు వంగిన నడుము ఇక లేవదనిపించింది. మంచం వైపు చూసింది. చూసి, ఒక్కతే బయటికి వెళ్లిపోయింది.

నేల ఊగింది. ఎదుటి కొండమీది నుంచి బండలు దొర్లి నదిలో పడ్డాయి. గుమ్మంలోంచి దుమ్ము పొగలా వచ్చింది. నీసో పొట్ట పట్టుకుని నిలబడిపోయింది.

దుమ్ములోంచి దగ్గు వినిపించింది. ఆ వెనకే అత్త గొంతు.

"నీసో! ఎక్కడున్నావే? నీకేం కాలేదు కదా?"

"లేదత్తా" అంది నీసో ఏడుస్తూ. "బయటున్నాను."

"అమ్మయ్య! మంచి పని చేశావు. అక్కడే ఉండు."

గంట మళ్లీ మోగింది. నీసో లోపలికి పరుగెత్తింది.