ఏకలవ్యుడి బొమ్మ కింద సంతకం

దబీర్‌పురాలోని తన శిష్యురాలు వహీదా ఇంటికి చిత్రకారుడు విఠల్ గారు స్వయంగా వచ్చి, అరచేతంత బొమ్మను అందుకున్నారు. ఏకలవ్యుడు ద్రోణుడికి బొటనవేలు ఇస్తున్న ఘట్టం. వహీదా మూడు నెలలు నడుం వంచి గీసింది. ఆయనా కష్టపడి, కింద తన సంతకం పెట్టారు.

"కవర్ల పెట్టియ్యి, జల్దీ. ఆటో ఆగింది."

"ఒక్కసారి మంచిగ చూడుండ్రి సార్."

"పదేండ్ల సంది చూస్తలేనా?" అన్నారాయన, చూడకుండానే.

ఆ సాయంత్రమే ప్రదర్శన. విఠల్ గారు మైకు అందుకున్నారు.

"శిష్యుడి వేలు కోయించుకున్న ఆ గురువును నేను క్షమించలేను! మా పనిలో చెట్లు, బట్టలు శిష్యులు దిద్దొచ్చు. చివర్లో కళ్ళు మాత్రం ఉస్తాదే పెట్టాలి. అందుకే సంతకం ఆయనది. ఈ కళ్ళు ఉడుత వెంట్రుకల కుంచెతో నేను పెట్టినవి."

చప్పట్లు మోగాయి. ముందు వరసలోని ఒక పెద్దావిడ లేచి వచ్చి, భూతద్దంతో బొమ్మ మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఏ కళ్ళండీ? ఇద్దరికీ లేవు!"

విఠల్ గారు పక్కకు పరుగెత్తి ఫోన్ చేశారు. "వహీదా! కళ్ళు మర్చిపోయినవా ఏంది?"

"లేదు సార్. గవి ఉస్తాద్ పెట్టాలె గద. సంతకం ఈడ పెట్టిండ్రు, కళ్ళు ఆడ పెడ్తరనుకున్న. కుంచె కూడ కవర్లనే పెట్టిన, చూడలేదా?"