మెత్తనిది, గట్టిది, నీలిచారలది

"తాతగారూ, కొనేదుంటే చెప్పండి. లేదంటే కాస్త పక్కకి జరగండి."

చీజ్ దుకాణంలో చేరి ఆమెకు నాలుగో రోజు. పన్నెండింటికి పెద్ద హోటల్ చెఫ్‌లు వస్తున్నారు. ఏ చీజ్ ఎలా ఉంటుందో వాళ్లకు ఆమే చెప్పాలి. తడబడితే రేపటి నుంచి రానక్కర్లేదని యజమానురాలు పొద్దున్నే మొహం మీదే చెప్పేసింది.

చేతిలో పెన్ను, కాగితం. అన్ని పేర్లకీ ఎదురుగా ఒకటే మాట: "బాగుంటుంది."

గడియారం పదకొండున్నర దాటింది.

మెడకు మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన మాత్రం కదల్లేదు.

"ఆ నీలిచారలది చిన్న ముక్క ఇవ్వమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో.

విసుగ్గా కోసిచ్చింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ముందు ఉప్పు తగుల్తుంది. వెంటనే మిరియం ఘాటు. గబుక్కున మింగెయ్యకుండా ఆగితే, అడుగున తీపి ఉంటుంది."

ఆమె పెన్ను కదిలింది.

"మరి ఈ తెల్లపొరది?" ఇంకో ముక్క కోసి ముందుకు జరిపింది.

వేలితో నొక్కి చూశాడు. "లోపలంతా మీగడే. పుట్టగొడుగు వాసన. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకు, చల్లగా ఉంటే రుచి పలకదు."

"గట్టిది?" అదీ ఓ ముక్క కోసిచ్చింది.

విరిచి, విరిగిన చోటు వేలితో తడిమాడు. "బాగా మాగింది. పంటి కింద పలుకులు చిటుక్కుమంటాయి. ఎర్రగా కాగిన వెన్న, వేయించిన బాదం..."

అప్పుడు చూసిందామె. మూడు ముక్కలూ నలిగి కౌంటరు మీదే ఉన్నాయి.

"ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు! తినకుండానే ఈ కబుర్లన్నీనా? పిసికి పారేయడానికా సరుకు? దయచేసి వెళ్లండి, మేడమ్ చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది!"

ఆయన ఏదో అనబోయాడు. బయట కారు ఆగింది. ఆమె గుమ్మం వైపు పరుగెత్తింది.

చెఫ్‌లు ఊపిరి తిప్పుకోనివ్వకుండా ప్రశ్నలు వేశారు. నోరు తెరిస్తే ముసలాయన మాటలే వచ్చాయి. వాళ్లలో పెద్దాయన నీలిచారల ముక్క నోట్లో వేసుకుని, ఆగి, తలూపాడు.

"నిజమే. అడుగున తీపి."

వాళ్లు వెళ్లగానే యజమానురాలు దగ్గరికొచ్చింది.

"నాలుగు రోజుల్లో ఇదంతా ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరో తాతగారు మేడమ్. మెడకి మఫ్లర్, బొంగురు గొంతు. సరుకు పాడుచేస్తున్నాడని పంపించేశా."

యజమానురాలి మొహం పాలిపోయింది.

"ఒక్కడే వచ్చాడా? ఎటు వెళ్లాడు?"

ఇద్దరూ వీధి మలుపు దాకా పరుగెత్తారు. అక్కడి బస్టాపులో ఎవరూ లేరు.

"ఎవరు మేడమ్ ఆయన?"

"మన చీజులన్నీ చేసిన మనిషమ్మా... గొంతు ఆపరేషనయ్యి రెండేళ్లు, అప్పట్నించీ మంచినీళ్లు కూడా పొట్టకి పెట్టిన గొట్టంలోంచే."